చుక్క తర్వాత

"ఎనిమిది పాయింట్ తొమ్మిదిని ఇంట్ డబ్బాలో వేస్తే ఏమవుతుందమ్మా?"

క్లాసంతా ముసిముసిగా నవ్వింది. చివరి బెంచీ పెద్దాయన మళ్లీ మొదలుపెట్టాడు. చేరి వారం కాలేదు, అప్పుడే పిల్లలు ఆయనకు 'పాయింట్ తాత' అని పేరు పెట్టేశారు.

టీచరు బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి ఉంచింది. పూర్తి అంకెలకు ఇంట్. చుక్క ఉన్న అంకెలకు ఫ్లోట్. మాటలకు స్ట్రింగ్. అవునా కాదా అన్నదానికి బూలియన్. ఏ సరుకు ఏ డబ్బాలో వెయ్యాలో తెలిస్తే ప్రోగ్రామింగ్ సగం వచ్చినట్టేనని ఆవిడ ప్రతి బ్యాచికీ చెప్పే మాట.

"నిన్ననే చెప్పానుగా తాతగారూ. ఎనిమిదే ఉంటుంది. చుక్క తర్వాతది కోసి పారేస్తుంది."

"తొమ్మిదికి వెంట్రుకవాసి దూరంలో ఉంది కదమ్మా?"

"కంప్యూటరుకు వెంట్రుకవాసి తెలీదు."

మళ్లీ నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మరి ఎనిమిది దాటితే గంట కొట్టమని రాశామనుకోండి. ఎనిమిది పాయింట్ తొమ్మిదికి కొడుతుందా?"

"కొట్టదు. దాని లెక్కలో ఎనిమిది దాటలేదుగా. తొమ్మిది వచ్చేదాకా నోరు మెదపదు."

పెద్దాయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"అలా రాసినవాళ్లకు ఎవరు చెప్పాలమ్మా?"

"అలా రాసిన బుద్ధిమంతులు ఎవరైనా ఉంటే, రెండు తగిలించి మరీ చెప్పాలి."

ఆవిడ చూపు గడియారం మీదే ఉంది. పాపకు ఇవాళ మూడో సూది. ఏడేళ్ల పిల్లను వీధికుక్క పిక్క పట్టుకుని వారమైంది. నాలుగో రోజున ఆ కుక్క నురగలు కక్కి చచ్చింది. సూదులు వేళకు పడితే చాలు, భయం లేదన్నాడు డాక్టరు. ఆ వేళ తప్పకూడదన్నదొక్కటే ఇప్పుడు ఆవిడ ఆరాటం.

క్లాసయ్యాక పెద్దాయన గుమ్మం దగ్గర అడ్డుపడ్డాడు.

"ఒక్క మాటమ్మా. ఈ నోటుబుక్కు ఒక్కసారి చూసిపెట్టండి."

"తాతగారూ, మీవల్ల క్లాసు ముందుకు కదలడం లేదు. రేపటినుంచి రాకండి. ఫీజు వెనక్కి ఇప్పిస్తాను."

"నాకు కావలసింది దొరికిందిలెండి. చూడటం మాత్రం మరిచిపోకండి."

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆవిడ దాన్ని తెరవకుండానే సంచిలో పడేసింది.

ఆసుపత్రిలో మందుల చల్లగది తలుపు మీద స్క్రీను పచ్చగా వెలుగుతోంది. ఎనిమిది.

"అది మా అమ్మ రాసిన ప్రోగ్రామే," అని పాప నర్సుకు గొప్పగా చెప్పింది. టీచరుకూ లోలోపల గర్వమే.

నర్సు సీసా తీసి అరచేతిలో దొర్లించింది.

"ఈమధ్య సీసాలు చేతికి అంత చల్లగా తగలడం లేదు మేడమ్. స్క్రీను మీద మాత్రం ఎప్పుడు చూసినా ఎనిమిదే."

సూది దిగింది. పాప పెదవి బిగబట్టి ఏడుపు ఆపుకుంది.

"అమ్మా, ఇంక ఒక్కటేగా?"

టీచరు ఆ ఎనిమిది వైపే చూస్తోంది. ఎనిమిది డిగ్రీలు దాటిన చోట రోజుల తరబడి ఉంటే ఆ మందులో పస ఉండదు. అందుకే దాటగానే గంట మోగాలి. కిందటేడు సూపరింటెండెంటు "చుక్కలూ గిక్కలూ లేకుండా నీటుగా కనపడాలి" అంటే, ఆ అంకెను ఇంట్ డబ్బాలో వేసింది తనే.

గిరుక్కున నర్సు వైపు తిరిగింది.

"లోపల మామూలు థర్మామీటరు లేదా సిస్టర్?"

"ఉంది, చూసే మనిషే లేడు. చల్లగది చూసుకునే ముసలాయన రోజూ మధ్యాహ్నం ఊరికే తలుపు తెరుస్తున్నాడని మీ కంప్యూటరే పట్టిచ్చిందిగా? ఏదో చెప్పబోయాడు పాపం, ఎవరూ వినిపించుకోలేదు. పనిలోంచి తీసేశారు."

ఆ రిపోర్టు టీచరుకు గుర్తుంది. తలుపు తెరిచారా? అవును. అవును. అవును. ఎందుకు తెరిచారో రాసుకునే చోటు ఆ డబ్బాలో లేదు.

సంచిలోంచి నోటుబుక్కు తీసింది. వంకర టింకర రాత, రోజుకో వరస.

"ఒంటిగంట. 8.9. గంట మోగలేదు. మంచుదిమ్మలు పెట్టాను. రెండున్నర. 6.4."

పేజీ తిప్పింది. 8.7. మంచుదిమ్మలు. మళ్లీ తిప్పింది. 8.8. మంచుదిమ్మలు. ఏడాది పొడుగునా అంతే.

చివరి పేజీలో అంకెల్లేవు.

"ఇవాళ పని పోయింది. రేపటినుంచి దిమ్మలు పెట్టేవాళ్లు లేరు. గంట ఎందుకు మోగదో చదువుకుని వచ్చి చెబుతాను."

కింద తేదీ వేసి ఉంది. పాపను కుక్క కరవడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు తేదీ.