చాచిన చెయ్యి

"పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. పట్టుకున్నాకే ప్రభువు బల్ల దగ్గరికి రండి," అన్నాడు పాస్టరు.

ఆ చర్చిలో అది పద్ధతి. ఎవరి మీదా మనసులో ఏమీ లేదని చెప్పడానికి ముందు చేతులు కలుపుతారు. ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం.

చివరి బెంచీలో కూర్చున్న టైర్ల షాపు మనిషి రెండు చేతులూ జేబుల్లోకి దూర్చేశాడు.

పక్కనున్న పెద్దావిడ ఎప్పటిలాగే చెయ్యి చాచింది.

"మసి అంటుకుంటుందమ్మా."

"కడుక్కుంటే పోతుంది."

"ఇది పోయేది కాదు."

"నీ చెయ్యేం కొరుక్కు తిననులే. ఇటివ్వు."

అతనికి నవ్వు రాలేదు. జైలు నుంచి వచ్చాక అతను సరిగ్గా నవ్విందీ లేదు, నిద్రపోయిందీ లేదు. ఆ రోజు ఇక దాచుకోలేకపోయాడు.

"నేను ప్రాణం తీసినవాణ్నమ్మా. లారీ నడిపేవాణ్ని. తాగి నడిపాను. బడి నుంచి వస్తున్న పిల్లాడు..."



ఆవిడ చెయ్యి వెనక్కి పోలేదు.

"దేవుడు క్షమించాడని పాస్టరుగారు చెప్పలేదా?"

"చెప్పారు. దేవుడు క్షమించేస్తే మరి ఆ తల్లి సంగతేంటి? ఆవిడకి న్యాయం ఎవరు చేస్తారు? ఆవిడ చెయ్యి పట్టుకునేదాకా ఇంకెవరి చెయ్యీ పట్టుకోను. ఆ రొట్టె ముట్టను."

"ఆవిడే ఎదురుపడితే?"

"పారిపోతాను. కోర్టులోనే తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఇప్పుడేం చూస్తాను?"



"అయితే ఇక్కడే, నా పక్కనే కూర్చుంటూ ఉండు," అంది ఆవిడ. "కాస్త అలవాటు పడ్డాక చూద్దాం."

ఏం అలవాటో అతనికి అర్థం కాలేదు.

ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు వెళ్లాడు. పిల్లాడి సమాధి ముందు మోకరిల్లి ఏడవడం అతనికి ప్రతి ఆదివారం ఉన్నదే. ఎప్పుడు వెళ్లినా గడ్డి పీకేసి, రాయి కడిగేసి ఉండేది. తోట కాపలావాడు ఎంత మంచివాడో అనుకునేవాడు.

వారాలు గడిచాయి. ఆవిడ చెయ్యి చాస్తూనే ఉంది. అతను జేబులు వదల్లేదు.

ఒక ఆదివారం పక్క చోటు ఖాళీగా ఉంది. వేదిక ముందు శవపేటిక ఉంది.

"నిద్రలోనే పోయిందట," అన్నారెవరో.

"ఆవిడకి నా అన్నవాళ్లు లేరు. మోయడానికి నలుగురు రండి," అన్నాడు పాస్టరు.

అతను అందరికంటే ముందు లేచాడు. బతికుండగా ఇవ్వని చెయ్యి పెట్టె కింద పెట్టాడు. ఒక్కసారి పట్టుకుని ఉంటే ఏం పోయేది అనిపించి ఏడుపొచ్చింది.

తోటలో పెట్టె అతనికి బాగా తెలిసిన మలుపు తిరిగింది.

ఆ చిన్న సమాధిని ఆనుకునే కొత్తగా తవ్విన గుంత ఉంది.

"నెమ్మదిగా దించు నాయనా," అన్నాడు పాస్టరు, "కొడుకు పక్కనే పడుకోబెట్టమని ఎప్పుడో అడిగింది ఆ తల్లి."