396వ ఆర్టికల్

భారత రాజ్యాంగాన్ని కూలీల క్యాంపులోకి లాగినందుకు పాఠక మహాశయులు ఈ లా పట్టభద్రుణ్ణి మన్నించాలి.

కువైట్ యుద్ధం నాటి నుంచి సౌదీలోని తాయిఫ్‌లో రోడ్లు వేస్తున్న దేవన్న అడిగాడు: "ఈడ టోల్ లేదు. మనకాడ ఎందుకు తమ్మీ?"

"సర్కారు పైసతోని ఏసిన రోడ్డుకు టోల్ అడగొద్దని రాజ్యాంగంలనే ఉందన్నా. సర్కారు రోడ్డయితే కట్టకు. ఆర్టికల్ 396," అన్నాను గంభీరంగా.

ఆ నంబరును ఫోన్లో భార్య ముత్యవ్వకు చెప్పాడు.

నిన్న కబురొచ్చింది. పాము కరిచిన కూతుర్ని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తూ, టోల్‌గేటు దగ్గర కట్టడానికి పైసల్లేక, ముత్యవ్వ ఆ నంబరే చెప్పి అరగంట బతిమాలిందట. పిల్ల దక్కలేదు.

దేవన్న తెల్లకాగితం తెచ్చాడు. "ముత్యవ్వ చట్టమే చెప్పింది తమ్మీ, ఆళ్లే ఇనలే. కలెక్టరుకు రాయి. 396 పెద్దగ రాయి."

పెద్దగానే రాశాను. మన రాజ్యాంగం 395వ ఆర్టికల్‌తో అయిపోతుంది. ఆ ఒక్కటీ నవ్వులాటకు నేనే కలిపాను.