లిఫ్టు వేగం

గర్భిణి ఎక్కితే లిఫ్టు తనంతట తానే పసిగట్టి నెమ్మదిగా దిగడం గాజువాకలో అప్పటికి మామూలైపోయింది.

ఐవీఎఫ్‌తో గర్భం దాల్చిన హైమకు రెండో నెలలో, ఆ ఉదయం రక్తం కనబడింది. బిడ్డ నిలిచిందో లేదో స్కాన్ చేస్తేగాని చెప్పలేమని డాక్టరు ఫోనులో అన్నారు. ఆస్పత్రికి బయల్దేరి, భర్త అప్పన్నతో లిఫ్టు ఎక్కింది. కొత్తిమీర కోసం దిగుతున్న పక్కింటి వరాలమ్మ కూడా ఎక్కింది.

తొమ్మిది పోయి ఎనిమిది రావడానికి చాలాసేపు పట్టింది, లేదా హైమకు అలా అనిపించింది.

“ఓలమ్మ, ఏటీ నత్తనడక! పప్పు పొయ్యిమీద ఎట్టీసి వచ్చేను. నాకేటి కడుపనుకుందా ఈ లిఫ్టు?” అంది వరాలమ్మ.

హైమ భర్త చెయ్యి పట్టుకుంది.

“నిజంగా నెమ్మదిగానే దిగుతోందా పిన్నీ? ఇంకోసారి చెప్పవా,” అంది.