చాప మీద చోటు

"తల్లి లేని పిల్లలు లేచి నిలబడండర్రా!" పాస్టర్ మళ్లీ అరిచాడు.

ఆ మలావీ పల్లె చర్చిలో ఒక్క పిల్లాడూ లేవలేదు. అనాథలను చదివించడానికి సముద్రాలు దాటి వచ్చిన దొరసాని, కన్నీళ్లకు ముందే సిద్ధం చేసుకున్న రుమాలుతో దిగాలుగా చూసింది.

పాస్టర్, పిల్లాడు లింబానిని పక్కన పెట్టుకుని కూర్చున్న ఫలేసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "లింబానిని లేపమ్మా. వాణ్ణి కన్నది మీ అక్కేగా, పోయిందిగా?"

"అక్క పోతే నేను లేనా? చెల్లెలుండగా పిల్లాడికి తల్లి లేదని మన ఊళ్లో ఎవరైనా అంటారా, పాస్టర్ గారూ?"

"మన ఊరి న్యాయం ఆవిడకెందుకు? అనాథలకే బడి. వాడికి చదువు కావాలో, నువ్వు కావాలో తేల్చుకో."

ఫలేసికి ఒళ్లు మండింది. అయినా ఆమె చెయ్యే వెళ్లి లింబాని వీపును ముందుకు నెట్టింది. ఆ చెయ్యి తనది కాదనుకోవాలని చూసింది, కుదరలేదు.

దొరసాని పరుగున వచ్చి వాణ్ణి వాటేసుకుని, తన భాషలో ఏదో చెప్పి, తనివితీరా ఏడ్చింది.

"ఇకనుంచి ఈవిడే నీకు అమ్మట" అన్నాడు పాస్టర్.

లింబాని ఆవిడను బూట్లతో సహా ఎగాదిగా చూసి, ఫలేసి వైపు తిరిగాడు.

"అమ్మా, మరి ఈ అమ్మ రాత్రికి మన చాప మీద ఏ పక్కన పడుకుంటుంది?"

ఫలేసి గుండెలో బరువు దిగిపోయింది. "నన్నెందుకురా, ఆవిడనే అడుగు" అంది నవ్వాపుకుంటూ.

దొరసాని ఆత్రంగా అడిగింది, బాబు ఏమంటున్నాడని.

"దేవుడికి స్తోత్రం చెబుతున్నాడమ్మా" అన్నాడు పాస్టర్.