డ్రమ్ము తిరగడం లేదు

“మెకానిక్కుని పిలిచావంటే మర్యాదగా ఉండదు,” అన్నాడు అర్విద్. “నేను ఇంట్లో లేనప్పుడు ఆ యోస్టైన్ గాడికి మనింట్లో ఏం పని?”

ఫోన్‌లో అతని భార్య తోరిల్ కనిపిస్తోంది. వాషింగ్ మెషిన్ పక్కన నేలమీద చతికిలబడి ఉంది. నీళ్లు పడుతున్నాయట. మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంటోందట. డ్రమ్ము మాత్రం తిరగడం లేదట. యోస్టైన్ వీధి చివరే ఉంటాడు, వచ్చి చూసి పోతాడు అని మాత్రమే ఆమె అంది.

అర్విద్ ఉన్నది ఉత్తర సముద్రం నడుమ, చమురు తోడే ప్లాట్‌ఫారం మీద. రెండు వారాలు సముద్రం, నాలుగు వారాలు ఇల్లు. అతను సముద్రం మీద ఉన్నన్నాళ్లూ కార్మయ్ దీవిలోని ఆ ఇంటి గడప ఏ మగాడూ తొక్కడానికి వీల్లేదు. పైపులో నీళ్లు గడ్డకట్టినా, కారుకి చలికాలపు టైర్లు మార్చాల్సి వచ్చినా, అతను ఫోన్‌లో చెప్పాలి, ఆమె చెయ్యాలి.

శనివారం కాబట్టి ఆనవాయితీగా భోజనాల గదిలో అందరికీ పాలజావ పోశారు. అర్విద్ ఫోన్‌ని కాఫీ ఫ్లాస్కుకి ఆనించి స్పీకర్ పెట్టాడు. మా ఆవిడ మెషిన్ బాగుచేస్తుంది, చూద్దురుగాని రండ్రా అని పిలిచాడు. క్రేన్ నడిపే షెతిల్ గిన్నె పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. వెనకాలే ఇంకొందరు చేరారు.

“వెనక రేకు విప్పు. విప్పడమంటే ఎటు తిప్పాలో తెలుసుగా? సీసా మూత తీసినట్టు తిప్పాలి.”

బల్ల చుట్టూ నవ్వారు. తోరిల్ స్క్రూలు తీసి రేకు లాగింది. దాని అంచు తగిలి వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుంది. రక్తం మోటారు మీద పడనివ్వకు, తుప్పు పడుతుంది అన్నాడు అర్విద్.

బెల్టు తెగిందా అని అడిగాడు. లేదంది. డ్రమ్ముని చేత్తో తిప్పి చూడమన్నాడు. తేలిగ్గానే తిరిగింది. అయితే బేరింగులు బాగున్నాయి, రోగం మోటారుదేనని తేల్చాడు. బెల్టు జార్చి, వైర్లు పీకి, బోల్టులు తీసి మోటారుని కిందికి దించమన్నాడు. ఆమె చెయ్యి లోపల ఉండగా అతనికి ఏదో గుర్తొచ్చింది.

“అవునూ, ప్లగ్గు తీశావా? అడగడం మర్చేపోయాను.”

“తీశాను. మొదట తీసేది అదేనని హీటర్ పాడైనప్పుడు చెప్పావు.”

“చూశార్రా,” అన్నాడు మిగతావాళ్లతో, “కుక్కపిల్లకి నేర్పినట్టు నేర్పాను.”

మోటారు బరువుకి ఆమె మణికట్టు మడతపడింది. అది జారి ఒళ్లో పడింది. రెండు పక్కలా బొగ్గు ముక్కల్లాంటివి ఉంటాయి, వాటినే బ్రష్షులంటారు, బయటికి తీసి చూపించమన్నాడు. తీసి చూపించింది. ఒకటి గోరంత మిగిలింది. రెండోది అదీ లేదు.

“అంతేగా మరి. అరిగిపోయాక ఎందుకూ పనికిరావు. బ్రష్షుల సంగతేలే తోరిల్, నీ గురించి కాదు.”

ఈసారి గట్టిగా నవ్వారు. కింది గదిలో సొరుగులో కొత్తవి ఉన్నాయని చెబితే ఆమె తేవడానికి వెళ్లింది. షెతిల్ గొంతు తగ్గించి, యోస్టైన్‌కి మొన్ననే మోకాలి చిప్ప మార్చారు, వాడు వచ్చినా మీ ఆవిణ్ణి ఏం చేస్తాడు అన్నాడు.

“పెళ్లాం లేనోడివి, నీకేం తెలుసు? ఇల్లు నడవాలంటే దానికి నా గొంతు వినపడాలి. ఆ భయం పోకూడదు,” అన్నాడు అర్విద్.

తోరిల్ బ్రష్షులు తెచ్చింది. స్ప్రింగ్ ఏ వైపు రావాలని అడిగింది. అవి సరిగ్గా కూర్చున్నాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగింది. ఇవి మార్చినా తిరక్కపోతే తర్వాత ఏది చూడాలని అడిగింది. అడిగినకొద్దీ అర్విద్ ఛాతీ ఉబ్బింది. అన్నీ చెప్పాడు. ఆమె ప్రతి జవాబునీ పెదాలు కదుపుతూ తనలో తాను మళ్లీ అనుకుంది.

మోటారు బిగించడం అయింది. బెల్టు ఎక్కించడం ఒకటే మిగిలింది. అర్విద్ స్పూను పక్కన పెట్టాడు.

“బెల్టు ఎక్కించడానికి ఒక కిటుకుంది. ముందు ఒక మాట అను. అందరూ వింటున్నారు. నువ్వు లేకపోతే నాకు ఒక్కరోజు గడవదు అను.”

తోరిల్ బెల్టుని తనే ఎక్కించబోయింది, అది జారిపోయింది.

“అనకపోతే చెప్పను. రాత్రంతా ఆ బెల్టుని ఒళ్లో పెట్టుకుని కూర్చో.”

అంది. వినపడలేదన్నాడు. మళ్లీ అంది. షెతిల్ గిన్నెలోకి చూస్తూ జావ కలుపుతూ కూర్చున్నాడు. ఒకడు లేచి వెళ్లిపోయాడు.

ముందు మోటారు చక్రానికి తగిలించి, తర్వాత డ్రమ్ము చక్రాన్ని చేత్తో తిప్పుతూ పోతే బెల్టు తనే ఎక్కుతుందని చెప్పాడు. ఎక్కింది. రేకు మూసి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కింది. కాలిన వాసన వస్తోందంది. కొత్త బ్రష్షులు ఒరుసుకునేదాకా అంతే, భయపడకన్నాడు. కాసేపటికి డ్రమ్ము చప్పుడు సాఫీ అయి, సముద్రం మీద ఆ గది అంతటా వినిపించింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

అర్విద్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“మంచి ఊపులో ఉన్నాను, ఇంకేమేం పాడయ్యాయో చెప్పు. బుధవారం నేను హెలికాప్టర్ దిగేదాకా ఎందుకు ఆగడం?”

తోరిల్ నల్లబడ్డ చేతులు గుడ్డతో తుడుచుకుని, ఫోన్‌ని మొహానికి దగ్గరగా తీసుకుంది.

“ఇంకేం లేవు అర్విద్. నాకు చేతకానిది ఈ మోటారు పని ఒక్కటే మిగిలింది, అదీ వచ్చేసింది. వీధి తలుపుకి నీ తాళంచెవితో తెరుచుకునే పాత తాళం పీకేసి, కొత్తది నిన్ననే బిగించేశాను.”