లిఫ్టు పనిచేయదు

లిఫ్టు నిక్షేపంలా ఉంది.

అయినా దాని తలుపుకి ‘పనిచేయదు’ అన్న బోర్డు తగిలించమన్నాడు డైరెక్టరు.

“పొద్దున్నే నూనె కూడా వేశాను సార్,” అన్నాడు లిఫ్టు నడిపే మనిషి.

“అందుకే నువ్వు లిఫ్టు నడుపుతున్నావు, నేను ఆఫీసు నడుపుతున్నాను. తగిలించు.”

ఆటలు, పర్యాటకం, ప్రభుత్వ భవనాలు, టీవీ లైసెన్సులు... నాలుగు శాఖలూ వచ్చి కలిసేది ఆ డైరెక్టరు బల్ల దగ్గరే. అందుకే ఆఫీసులో చాటుగా ఆయన పేరు ‘నాలుగురోడ్లు’. ఏ ఫైలైనా అక్కడికొచ్చి ఆగాల్సిందే.

ఆ రోజు ప్రజాభిప్రాయ సేకరణ.

ఊరి మధ్యలో పిల్లలు ఆడుకునే మైదానం తీసేసి, టూరిస్టుల కోసం హోటలు కట్టాలి. కట్టేముందు జనాన్ని పిలిచి, అభ్యంతరాలుంటే చెప్పమనాలి. చట్టం అలా ఏడ్చింది.

పిలవమంది గానీ, వాళ్ళు వచ్చేలా పిలవమనలేదు.

అందుకే కింద హాల్లో పెట్టాల్సిన మీటింగుని పొద్దున్నే ఐదో అంతస్తుకి మార్చేశాడు. పిల్లలు బడిలో ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నలు ఉద్యోగాల్లో ఉంటారు. ఇక వచ్చేది ముసలివాళ్ళే. వాళ్ళ సంగతి వాళ్ళ మోకాళ్ళే చూసుకుంటాయి.

ఒక్క అభ్యంతరం లేకుండా గట్టెక్కితే, రిటైరయ్యాక ఆ హోటలుకి ఆయనే చైర్మన్. కారు, బంగళా. మంత్రి మాటిచ్చాడు.

“ఎవరొచ్చినా, ఏం చెప్పినా, పైకి కబురు రాకూడదు. ఫోను కూడా చెయ్యకు,” అని లిఫ్టు మనిషికి మరీ మరీ చెప్పాడు.

ముసలివాళ్ళు వచ్చారు. బోర్డు చూశారు. మెట్లు చూశారు. గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఒకావిడ మాత్రం కదల్లేదు. డెబ్భై దాటి ఉంటాయి. అరిగిన చెప్పులు, కుట్లు ఊడిన చేతిసంచి, వేళ్ళ మధ్య బస్సు టికెట్టు.

“మీటింగు ఎక్కడ బాబూ?”

“ఐదో అంతస్తు,” అన్నాడు లిఫ్టు పక్కనే కాపలాగా నిలబడ్డ డైరెక్టరు.

“లిఫ్టు?”

“బోర్డు కనబడట్లేదా పెద్దమ్మా?”

“కనబడుతోంది. పోనీ ఎవర్నైనా కిందికి పిలుస్తావా? రెండు మాటలు చెప్పి పోతాను.”

“అందరూ రెండు మాటలే అంటారు. మొదలెట్టాక ముక్కు చీదడాలూ, శాపనార్థాలూనూ.”

ఆవిడ నవ్వింది. “నాకు శాపాలు రావులే. కూర్చోడానికి కుర్చీ ఉందా?”

“కుర్చీలన్నీ పైకెళ్ళాయి.”

“లిఫ్టు లేకుండానే? నాకంటే అవే నయం.”

లిఫ్టు మనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. డైరెక్టరుకి చిర్రెత్తుకొచ్చింది.

“అసలు నీకా మైదానంతో పనేంటి? పరుగుపందెంలో గానీ ఉన్నావా?”

“నాకేం పని. సాయంత్రాలు కిటికీలోంచి పిల్లల్ని చూస్తుంటాను. హోటలొస్తే మరి వాళ్ళెక్కడ ఆడతారు? అదొక్కటీ అడుగుదామని.”

“ఆడటం దేనికి? ఇంట్లో కూర్చుని టీవీలో ఆటలు చూస్తారు. ఆ టీవీకి లైసెన్సు కూడా మేమే ఇస్తాం.”

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆవిడ నవ్వలేదు.

“ఇంతేనా నీ జవాబు?”

“ఇంతే. రాసుకుంటావా?”

“అక్కర్లేదు. గుర్తుంటుంది.”

మెల్లగా గుమ్మం వైపు నడిచింది. ఆవిడ ఇంకా గడప దాటనేలేదు, డైరెక్టరు బోర్డు పక్కకి జరిపి లిఫ్టెక్కాడు. తలుపు చప్పుడుకి ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

చూస్తే చూసింది అనుకున్నాడు. మీట నొక్కాడు.

పైన హాలు నిండా కుర్చీలు. మనిషి లేడు.

“అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పండి,” అన్నాడు కుర్చీలతో. ఫ్యాను కిర్రుమంది. గుమాస్తా ‘ఏమీ లేవు’ అని రాసుకున్నాడు.

టీ తాగుతుంటే మంత్రి ఫోను.

“ఎలా జరిగింది?”

“చీమ చిటుక్కుమనలేదు సార్. ఒక్క అభ్యంతరం లేదు.”

“ఆ గొడవ వదిలెయ్. ఒప్పుకున్నవాళ్ళ సంగతి చెప్పు.”

“ఎవరు సార్ ఒప్పుకోవాల్సింది?”

“ఆ స్థలం మనది కాదయ్యా. పిల్లలు ఆడుకోవడానికని ఎవరో పెద్దాయన ఎప్పుడో ఇచ్చిపోయాడు. హోటలు కట్టాలంటే ఆయన వారసులు సరేననాలి. బతిమాలగా బతిమాలగా దిగొచ్చారు. ఇవాళ మీటింగుకొచ్చి నలుగురి ముందూ చెప్తామన్నారు. వచ్చారా?”

డైరెక్టరు టీ కప్పు పక్కన పెట్టేశాడు. “నాకు ముందే చెప్పలేదేంటి సార్?”

“చెప్తే నువ్వూ వాటా అడుగుతావని. వాళ్ళు కాదంటే హోటలూ లేదు, నీ చైర్మనుగిరీ లేదు. వాళ్ళని కాస్త మర్యాదగా చూసుకో.”

ఆయన ఆదరాబాదరా కిందికి దిగాడు.

“పెద్ద కారేదైనా వచ్చిందా?”

“ఏ కారూ రాలేదు సార్,” అన్నాడు లిఫ్టు మనిషి.

డైరెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. “అయితే ఇంకా రాలేదన్నమాట. ఆ బోర్డు పీకెయ్. కుర్చీలు దింపించు. మంచినీళ్ళు తెప్పించు.”

లిఫ్టు మనిషి బోర్డు తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఇందాకటి ఆవిడ బస్సెక్కేముందు మీతో ఒక మాట చెప్పమంది సార్.”

“అప్పుడే చెప్పి ఏడవచ్చుగా?”

“పైకి కబురు రాకూడదన్నారు కదా సార్.”

“ఏంటా మాట?”

“పిల్లలు టీవీ చూడనక్కర్లేదట సార్, ఆవిడ నాన్నగారిచ్చిన మైదానంలోనే ఆడుకుంటారట.”