పట్టీ కింద పేరు

“ఫైలు మీదేనమ్మా. ఈ ఒక్క పేరు మాత్రం మీది కాదు,” అంటూ ప్రభుత్వాసుపత్రి రికార్డుల గుమాస్తా పేజీ మధ్యలో తెల్లకాగితం పట్టీ పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగించాడు.

“నా కాన్పు, నా ఒళ్లు, నాకెక్కించిన రక్తం. ఇచ్చినవాళ్ల పేరు నాకే చూపించరా?” అని నిలదీసింది అత్తగారితో వచ్చిన కోడలు. ఆ మనిషికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలని ఆమెకు ఇరవై ఏళ్లుగా కోరిక.

“దాత చెప్పొద్దన్నారు. వాళ్లొచ్చి ఈ ఫారం మీద సంతకం పెడితే పట్టీ తీసేస్తాను.”

“ఎవరైతేనేం, ఇంక పద,” అంది పక్కనున్న అత్తగారు. పొద్దుటి నుంచీ ఆవిడది అదే పాట.

“ఇన్నేళ్ల తర్వాత ఎక్కడని వెతకను? అసలు బతికున్నారో లేదో!” అంది కోడలు.

“బతికి లేకేం? గుండ్రాయిలా ఉంటేనూ!” అత్తగారు కస్సుమంది.

గుమాస్తా కలం ఆగింది. కోడలు మెల్లగా ఆవిడ వైపు తిరిగింది.

“అలా చూడకు,” అంది అత్తగారు, గోడ గడియారాన్ని చూస్తూ. “తెలిస్తే నాకు ఎదురు చెప్పడం మానేస్తావు. ఇల్లు చప్పబడిపోదూ?”

గుమాస్తా నవ్వాపుకుంటూ ఫారం ముందుకు జరిపాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని సంతకం గీసింది.

కోడలు కళ్లు తుడుచుకుంది. దణ్ణం పెట్టబోయిన చేతులతోనే ఫారం అందుకుని చూసింది.

“ఏమిటత్తయ్యా ఈ సంతకం, కోడి కెలికినట్టు! మళ్లీ పెట్టండి.”